ఇల్లు–వాకిలి: గోడ చెమ్మ, చీరె బూజు, తేమను లాగు యంత్రము



శ్రావణమాసము వచ్చినదనిన మన యిండ్లలో పట్టుచీరెలు పెట్టెలనుండి వెలుపలికి వచ్చును. విశాఖపట్టణమునుండి యొక సోదరి యిట్లు వ్రాసినది: "పేరంటమునకని బీరువా తెఱచితిని. పెండ్లినాటి పట్టుచీరె మడతలమీద తెల్లని నూగు కనబడినది. బీరువా వెనుకపలక నల్లబడి యున్నది. వేపాకు వేసితిని; కర్పూరము వేసితిని; కలరా యుండలు వేసితిని. గుణము లేదు. తేమను లాగు యంత్రమొకటి అంగళ్లలో దొరకునట. అది కొనదగినదేనా? లేక ఆ ధనముతో గోడకు మరల రంగు వేయించుట మేలా?"

ఈ ప్రశ్నకు నేను పుస్తకములు చూచి బదులు వ్రాయనక్కఱలేదు. ఆ సోదరి చేసిన పొరపాటులన్నియు నేనును చేసినదాననే. పయిగా ఆమె యింకను చేయని రెండు మూడు పొరపాటులు కూడ చేసితిని. వానిని దాచక చెప్పుదును.

మొదట వేపాకుమాట. వేపాకునకు, కర్పూరమునకు, కలరా యుండలకు పురుగులు జంకవచ్చును గాని తేమ జంకదు. బూజు పురుగు కాదు. పుట్టగొడుగుల జాతిలోనిది. దాని విత్తనములవంటి రేణువులు గాలిలో నెల్లప్పుడును తేలుచునే యుండును; వానిని లేకుండజేయుట ఎవరితరమును గాదు. అవి మొలకెత్తుటకు కావలసినవి రెండే: తినుటకింత తిండి, త్రాగుటకింత చెమ్మ. తిండికేమి కొదువ? గంజిపెట్టిన నూలుచీరె, పుస్తకముల అట్టలకు పూసిన జిగురు, తోలు చేతిసంచి, చెక్క, గోడమీది రంగు, తుదకు పేరుకొనిన దుమ్ముసైతము దానికి విందే. కాబట్టి మన చేతిలో నున్నది చెమ్మయొక్కటే. (మన భాషలో సాలెగూటిని బూజనియే యందుము, దీనిని బూజనియే యందుము. అందుచేత కాబోలు, చీపురుతో దులిపిన పోవునని మనకొక భ్రమ. దులిపిన రేణువులు గదియంతయు చల్లుకొనుటయే గాని పోవుట లేదు.)

మా యింటికథ యిట్లు జరిగినది. మాదియు సముద్రమునకు దగ్గఱి యూరే. క్రిందివాటా. రెండేండ్లక్రిందట వానకాలములో మా చిన్నవానికి రాత్రులందు దగ్గు పట్టుకొనినది. పగలు బాగుగనే యాడుకొనును. పండుకొనిన రెండు గడియలకు దగ్గు, పిల్లికూతలు. మందు వాడినన్నాళ్లు తగ్గును, మరల వచ్చును. మూడవమాఱు పోయినపుడు వైద్యురాలు మందుచీటి వ్రాయుట మాని, "పిల్లవాని మంచము ఏ గోడకు చేర్చి యున్నదమ్మా?" అని యడిగినది. ఆ ప్రశ్న నాకు విడ్డూరముగా తోచినది. ఇంటికి వచ్చి, ఉత్తరపుగోడకు ఆనియున్న మంచమును, దానిప్రక్క బీరువాను ఇద్దఱము కలసి జరిపితిమి. బీరువా చాటున గోడ నడుమెత్తు వఱకు నల్లగా, పచ్చగా మచ్చలు. ముక్కవాసన గుప్పున కొట్టినది. ఆ గోడప్రక్కనే నా బిడ్డ సంవత్సరము పొడవున శ్వాస పీల్చినాడు. బీరువా అడుగు అఱలో మా నాయనగారు నాకు వ్రాసిన యుత్తరముల పెట్టె యొకటి యుండెను. దానిసంగతి తరువాత చెప్పుదును.

చెమ్మయిండ్లలో నివసించువారికి ఉబ్బసము, దగ్గు మొదలగు ఊపిరితిత్తుల బాధలు హెచ్చుగానుండునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ప్రకటించిన గ్రంథములో చెప్పియున్నది. ఇంగ్లండులో రాచ్‌డేల్ అను పట్టణమున అద్దెయింటిలో బూజుపట్టిన గోడలనడుమ పెరిగిన రెండేండ్ల శిశువు 2020 డిసెంబరులో మరణించినాడు. తలిదండ్రులు ఎన్నిమాఱులు మొఱపెట్టుకొనినను ఇల్లు బాగుపడలేదు. ఆ మరణమునకు ఆ బూజే కారణమని విచారణాధికారిణి 2022లో తేల్చినది. మఱుసటి సంవత్సరము ఆ శిశువు పేరనే అక్కడ చట్టమొకటి పుట్టినది. మన బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు ఆ దేశమునకు పోవుచున్నారు గనుక వారి తల్లులు ఈ సంగతి యెఱిగియుండుట మంచిది. అక్కడ చలికాలమున తలుపులు బిగించి, ఉదికిన బట్టలు గదిలోనే ఆఱవేయుదురు. ఒక యంత్రములో ఉదికిన బట్టలు ఆఱులోపల రెండు లీటర్ల నీటినైనను గాలిలోనికి విడుచును. ఆ యావిరి చల్లని గోడను తాకి నీరగును. మనకు గోడలు చల్లబడుటచేత కాక, వెలుపలి గాలియే నీటితో బరువెక్కి వచ్చుటచేత అదే ఫలము కలుగుచున్నది.

సరే, మేమేమి చేసితిమి? రంగులవానిని పిలిపించితిమి. అతడు గీకి, సున్నము పూసి, పైన ఖరీదైన రంగు వేసినాడు. గోడ అద్దమువలె మెఱసినది. కార్తికమునాటికి మచ్చలు మరల వచ్చినవి. బూజుమీద రంగు వేయుట పుండుమీద గంధము పూయుటయే.

పిదప యంత్రము కొంటిమి. డీహ్యూమిడిఫయరని దానిపేరు. చూచుటకు చిన్న బియ్యపుడబ్బా వంటిది, క్రింద చక్రములు. అది చేయుపని మన వంటయింటిలో దినమును జరుగునదే. ఎండకాలమున చల్లని నీళ్లచెంబు బల్లమీద పెట్టుదుమా, చెంబుచుట్టు చెమట పట్టును. ఆ నీరు చెంబులోనిది కాదు, గాలిలోనిది. వేడిగాలి హెచ్చు నీటిని మోయగలదు; చల్లబడినప్పుడు మోయలేక విడిచివేయును. 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనమీటరు గాలి 30 గ్రాముల నీటియావిరిని పట్టుకొనగలదు. 20 డిగ్రీలకు దిగిన 17 గ్రాములే. యంత్రములో పంకా యొకటి గది గాలిని లోనికి లాగును. అక్కడ మంచువలె చల్లనైన గొట్టములు చెంబుపని చేయును; నీరు క్రిందనున్న తొట్టిలోనికి కారును. ఆఱిన గాలి వెనుకనున్న వేడిగొట్టములమీదుగా వెలుపలికి వచ్చును. కనుక ఇది గదిని చల్లబఱచు యంత్రము కాదు, ఇంచుక వేడెక్కించును. ఈ సంగతి తెలియక కొని, చల్లగా లేదని అంగడివానితో తగవాడినవారిని నేనెఱుగుదును.

చల్లని గొట్టములతో గాలినుండి నీటిని తీయు విద్య మనుష్యుల సుఖముకొఱకు పుట్టినది కాదు. 1902లో అమెరికాదేశమున బ్రుక్లిన్‌లోని ఒక అచ్చుకూటములో తేమచేత కాగితములు సాగి, ఒక రంగుమీద మఱియొక రంగు సరిగా పడకుండెనట. ఆ చిక్కు తీర్చుటకై విల్లిస్ కారియర్ అను యువకుడు దీనిని కనిపెట్టెను. నేటి యేసీలకు అదియే మూలము. కాగితము పడిన బాధ మన చీరెలు పడుచునే యున్నవి. వానికి యంత్రము వచ్చుటకు నూఱేండ్లు పట్టినది.

యంత్రము వచ్చిననాడు మా అత్తగారు కిటికీలన్నియు తెఱపించినారు. "గాలి యాడనిదే చెమ్మ పోవునా అమ్మాయీ? మీ మామగారి నాటినుండి చూచుచున్నాను" అనిరి. కాదనుటకు నాకు నోరు రాలేదు. నాకును అట్లే తోచినది. మూడుదినములు యంత్రము పగలు రేయి నడచినది. తొట్టి నిండినది, పోసితిని. మరల నిండినది, మరల పోసితిని. ఎంత పనిచేయుచున్నదో యని మురిసిపోతిని. గోడ చెమ్మ మాత్రము రవ్వంతయు తగ్గలేదు. కిటికీలోనుండి వచ్చునది సముద్రపుగాలి. మేము లాగినది మా గది తేమ కాదు, బంగాళాఖాతపు తేమ. ఆ నెల కరెంటు బిల్లు చూచి మావారు ఒక్కమాటయు ననలేదు. అనిన బాగుండెడిది.

యంత్రము నడచునంతసేపు తలుపులు, కిటికీలు మూసియుండవలెను. అత్తగారి మాటయు అబద్ధము కాదు. మాఘ ఫాల్గుణములలో పొడిగాలి వీచునపుడు కిటికీలు తెఱచుటకు మించిన మందు లేదు. వానకాలపు ముసురులో తెఱచుట తేమను పేరంటమునకు పిలుచుటయే. స్నానపుగది, వంటయిల్లు వేఱుమాట. అక్కడి యావిరి పుట్టినచోటనే పంకాతో వెలుపలికి త్రోయవలెను.

ఏ దినము తెఱవవలెనో, ఏ దినము మూయవలెనో తెలియుట యెట్లు? దానికి తేమను కొలుచు చిన్న పరికరము కలదు. హైగ్రోమీటరందురు. మంచి చీరె కుట్టుకూలికంటె ఖరీదు కాదు. యంత్రముకంటె ముందు దీనిని కొనుడని నా సలహా. ఇందు వెండ్రుకకథ యొకటి యున్నది: 1783లో జెనీవా పండితుడు సొస్యూర్ మనుష్యుని తలవెండ్రుకతో ఈ పరికరమును చేసెను. తేమ హెచ్చిన వెండ్రుక సాగును, తగ్గిన కుఱచయగును. ఆ కదలికను ముల్లు చూపును. వానకాలమున మన జడలు బిరుసెక్కి చెప్పిన మాట వినకపోవుటకు కారణము ఇదియే.

పరికరము నూటికి ఇన్ని పాళ్లని చూపును. ఆ వేడిలో గాలి మోయగలిగిన నీటిలో ఎన్నవ పాలు మోయుచున్నదో దాని యర్థము. 60కి లోపల నుండవలెనని అమెరికావారి పర్యావరణ రక్షణసంస్థ చెప్పుచున్నది. 30కి 50కి నడుమ ఉత్తమమట. మన కోస్తాలో వానకాలమున 50 కొఱకు ప్రాకులాడుట ధనవ్యయమే. నేను 55 దగ్గఱ నిలిపితిని. అంతకంటె దించకుడు. వీణ గల యిండ్లలో మఱియు జాగ్రత్త: మిక్కిలి ఎండిన కొయ్య బీటలు వాఱును, యంత్రపు వేడిగాలి తగిలిన మెట్ల మైనము మెత్తబడును.

ఇక్కడ నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచిన లెక్కయొకటి చెప్పెదను. పండ్రెండడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు, పదియడుగుల యెత్తు గల గదిలో, 30 డిగ్రీల వేడిమిలో, తేమ 85 పాళ్లున్నచో, ఆ గాలియంతటిలోని నీరు లీటరు మాత్రమే. దానిని 55కు దించుటకు తీయవలసినది రెండు గ్లాసులకు మించదు. మఱి మూసిన గదిలో మొదటి దినము తొట్టిలోనికి నాలుగు లీటర్ల పైబడి యెట్లు వచ్చినది? అది పరుపు త్రాగిన నీరు, దిండ్లు త్రాగిన నీరు, గోడ, చెక్క, పుస్తకములు, చీరెలు ఏండ్లతరబడి త్రాగిన నీరు. గాలి ఆఱినకొలది అవి తమ నీటిని కొంచెము కొంచెముగా గాలికి అప్పగించును. అందుచేత మొదటి వారము యంత్రమునకు పని హెచ్చు. రెండవ వారమునుండి దినమునకు కొన్ని గంటలు చాలును. బీరువా తలుపులు తెఱచియుంచి, మడతలు విప్పి, పరుపు నిలువుగా నిలిపి, యంత్రమును గోడకు మూరెడు దూరముగా గదినడుమ పెట్టుడు.

అయినను మా ఉత్తరపుగోడ అడుగున జానెడుమేర చెమ్మ ఆఱలేదు. పదునైదు దినములు చూచి, గోడకావల స్నానపుగదిలోని పలకలు ఊడదీయించితిమి. లోపల గొట్టపు అతుకొకటి చుక్కచుక్కగా కారుచున్నది. ఎన్నేండ్లనుండియో! ఆ యతుకు బాగుచేయుటకు అయిన కూలి యంత్రపు ఖరీదులో పదియవవంతు కాదు. మొదటనే చూచియుండిన మాట వేఱు. కనుక సోదరీ, కొనకముందు నీ గోడను చూడుము. మచ్చ ఒక్కచోటనే యుండి, ఎండకాలమునను ఆఱకున్నచో అది కారుచున్న నీరు. మేడపైకప్పో, గొట్టమో, పునాదియో చూపించుకొనవలెను. వానకాలమున మాత్రమే బీరువా వెనుక, మూలలయందు, చీరెలమీద, చెప్పులమీద అంతటను పొడసూపినచో అది గాలిలోని తేమ. యంత్రము దీనికే మందు, దానికి కాదు.

కొనుటను గుఱించి. దినమునకు 20 లీటర్లు, 30 లీటర్లు అని పెట్టెమీద వ్రాయుదురు. ఆ లెక్క సాధారణముగా 30 డిగ్రీల వేడి, 80 పాళ్ల తేమలో కట్టినది; గది ఆఱినకొలది అంత రాదు. ఒక పడకగదికి పది పండ్రెండు లీటర్ల రకము చాలును. అఱచేతి యెత్తున నుండి చౌకగా దొరకు బొమ్మలవంటివి కొన్ని కలవు. అవి దినమునకు ఒక గ్లాసో రెండు గ్లాసులో మాత్రమే తీయును. చిన్న అలమారకు సరి, గదికి కాదు. మఱియొక రకము, తేమను పీల్చు గుండచక్రముతో నడచునది, చలిదేశములకు మంచిది. మన యెండలలో కరెంటు హెచ్చుగా తిని గదిని ఇంకను వేడిచేయును. 300 వాట్ల యంత్రము ఎనిమిది గంటలు నడచిన రెండున్నర యూనిట్ల లోపే. కోరిన పాళ్లకు దిగగానే తానై ఆగునది చూచి కొనుడు. ఇంటిలో ఏసీ యున్నవారు ముందు దానిని 'డ్రై' అను మీటమీద పెట్టి చూడవచ్చును. వెలుపల గొట్టమునుండి కారు నీరు అదే గదా. హైదరాబాదు మొదలగు తెలంగాణ పట్టణములలో సంవత్సరములో ఎక్కువ నెలలు ఈ యంత్రముతో పనిలేదు. ఆషాఢము వచ్చినను కూలరు ఆపక నడుపువారు మాత్రము తమ బూజును తామే పెంచుకొనుచున్నారు.

బీరువాలో వ్రేలాడదీయు కాల్షియం క్లోరైడు సంచులు పనిచేయును గాని వానియడుగున నిలుచు నీరు ఒలికినచో తోలును పట్టును పాడుచేయును, పసిపిల్లలకు అందరాదు. సిలికా గుండ మేలు. వేడిచేసి మరల మరల వాడవచ్చును.

పట్టిన బూజును తీయుట యెట్లు? నున్నని పలకలమీది బూజును సబ్బునీటితో కడిగి వెంటనే ఆఱబెట్టుడు. ముక్కునకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. పిల్లవానిని ఆ దినము ప్రక్కగదిలోనైనను ఉంచరాదు. బ్లీచింగునీటితో ఆసిడును గాని, అమోనియా గల ద్రవములను గాని ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. ఇది మాత్రము గట్టిగా గుర్తుంచుకొనుడు. పట్టుచీరెను ఆరుబయట నీడలో విప్పి, బాగుగ ఆఱిన పిమ్మట మెత్తని కుంచెతో నూగును దులిపి, పలుచని నూలుగుడ్డలో చుట్టి పెట్టుడు. తడిగుడ్డతో తుడిచిన మరక నిలిచిపోవును. దాచు నూలుచీరెలకు గంజి వలదు. వేరుసెనగపప్పునకు బూజు కనబడినచో ఏఱి వేయించుకొందమని చూడక పాఱవేయుడు. ఆ విషము వేయించినను పూర్తిగా పోదు.

మా చిన్నవాని దగ్గు ఒక్కదినములో పోలేదు. గొట్టము బాగుచేసి, గోడ ఆఱి, సున్నము గీకించి క్రొత్తది వేయించిన తరువాత ఆ యేటి వానకాలములో రెండుమాఱులు మాత్రము వైద్యురాలికడకు పోతిమి. ఆమె యిచ్చిన పీల్చుమందు మానలేదు. యంత్రమున్నదని మీరును మానకుడు.

నాయనగారి యుత్తరములు ముప్పదియొకటి. వానిని గోడవలెనే కడుగవచ్చునని తొందఱపడి ఒకదానిని తడిగుడ్డతో తుడిచితిని. సిరా అలికిపోయి "చిరంజీవి సౌభాగ్యవతి" అను రెండుమాటలు మిగిలినవి. తక్కినవానిని ఆఱబెట్టి, ఒక్కొక్కటియే కుంచెతో దులిపితిని. పందొమ్మిది చదువవచ్చును.

తొట్టినీటిని ఏమి చేయవలెనని ఆ సోదరి చివరి ప్రశ్న. త్రాగరాదు, వంటకు వలదు. లోహపుగొట్టములమీద దుమ్ముతో కలిసి కారిన నీరది. తొట్టిని దినమును పారబోసి, వారమున కొకమాఱు తోమవలెను. లేకున్న బూజును పోగొట్టు యంత్రమే బూజుపట్టును. వడపోత జల్లెడను నెలకు రెండుమాఱులు కడుగుడు. మా యింట ఈ పని అత్తగారిది. ఉదయము లేచి ముందు ముల్లు చూచి, "ఏబదియెనిమిది, కిటికీ తీయకుడు" అని అందఱకును చెప్పుచున్నారు. ఆ నీటిని కనకాంబరములకు పోయుదురు. తులసికోటలో మాత్రము పోయనీయరు. అది మడినీరు కాదట.